వెనక్కి పారిన నైలు నది

అవి 1930ల నాటి రోజులు. ఏలూరులో టీచర్ ట్రైనింగ్ చివరి పరీక్షగా, ఇన్‌స్పెక్టరు గారి ఎదుట నాలుగో తరగతికి ఆఫ్రికా ఖండం పాఠం చెప్పాలి. తప్పితే ఉద్యోగం లేదు. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, బడి ఆవరణలో కొల్లేటి బంకమట్టితో ఆఫ్రికాను చేశాను. ఎడారికి ఇసుక పోసి, దక్షిణాన బంగారు గనులకు పసుపు చల్లాను.

"నైలు నది ఉత్తరానికి పారి సముద్రంలో కలుస్తుంది" అంటూ చెంబుతో నీళ్లు పోశాను. నీళ్లు తిన్నగా దక్షిణానికి పారి, నా బంగారు గనులను ముంచేశాయి!

"నది వెనక్కి పోతోందేమిటమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"దేవుడు తలచుకుంటే బైబిల్లో యొర్దాను నదే వెనక్కి మళ్లిందండీ!" అనేశాను.

"అయితే నేను మార్కులు వేసేలోగా దీన్ని ముందుకు మళ్లించమని ఆయన్నే అడుగమ్మా."

కళ్లు మూసుకున్నాను. ఇంతలో కొల్లేటి లంకలో పుట్టిన నా విద్యార్థిని గంగమ్మ లేచింది. "అటు పల్లమండీ టీచరు గారూ, గట్టెయ్యాలి" అంటూ రెండు దోసిళ్ల మట్టి అడ్డం వేసింది. నైలు బుద్ధిగా ఉత్తరానికి తిరిగింది. ఇన్‌స్పెక్టరు గారు పకపకా నవ్వి నన్ను పాస్ చేశారు.

నా ప్రార్థనకు జవాబు గంగమ్మ దోసిళ్లలో వచ్చిందనే నేటికీ నమ్ముతాను. అయినా అప్పటి నుంచి, ప్రార్థన ముగించి లేచాక నేల వాలు కూడా చూసుకుంటున్నాను.