విమానం సీటు పట్టాల కింద మా ఉస్తాద్

మా ఉస్తాద్ పోయారన్న కబురు మా దీవిలోని ప్రోతరాపూర్ నుంచి ఉదయాన్నే వచ్చింది. ఫోన్ చేసింది ఆయన భార్య. మేమంతా ఆమెను దీదీ అంటాం. "భయ్యా, టీ ఎట్టి లేపాను. మీ ఉస్తాద్ లేవలేదు," అన్నారు. అంతకుముందు వారమే ఉస్తాదూ నేనూ హ్యాంగర్‌లోని చిన్న విమానానికి ఎడమవైపు సీటు పట్టాలు మార్చాం. కుడివైపువి మిగిలిపోయాయి.

ఆ పనేమిటో పాఠకులకు కొంచెం చెప్పాలి. అలాంటి విమానంలో పైలట్ సీటూ, దాని పక్క సీటూ ఒక్కోటి, నేలకు రివెట్లనే లోహపు మేకులతో బిగించిన రెండేసి అల్యూమినియం పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతాయి. పట్టా చిల్లుల్లో ఒకదానిలోకి పిన్ను దిగితే సీటు నిలుస్తుంది. ఏళ్ల రాపిడికి గుండ్రటి చిల్లు కోలగా సాగుతుంది. విమానం ముక్కు పైకెత్తే క్షణంలో ఆ పిన్ను జారితే సీటు పైలట్‌తో సహా వెనక్కి పోతుంది. ఆయన పట్టుకున్న స్టీరింగ్ కూడా ఆయనతోపాటే వెనక్కి వస్తుంది. ఆ తరువాతి సంగతి ఉస్తాద్ ఎన్నడూ వర్ణించలేదు. "అది సెప్పుకోడానికి కాదురా. ఆపడానికే మనం ఉన్నది," అనేవారు.

నేను ఈ విద్యను ఏ కళాశాలలోనూ చదవలేదు. పుస్తకాలు చూసి, ఉస్తాద్ పక్కన చేస్తూ, ప్రతి పనినీ వరుసగా కాగితం మీద రాసుకుని నేర్చుకున్నాను. నా కాగితాలు చూసి ఆయన నవ్వేవారు. "ఒరేయ్, 'బువ్వ తినుట' అని కూడా రాసుకో. లేపోతే అదీ మరిసిపోతావు." అని ఊరుకునేవారు కాదు, తన అన్నం డబ్బా తెరిచి చేప ముక్క నా డబ్బా మూతలో పెట్టేవారు.

బస్సులో కూడా ఆయన సీటును రెండు చేతులతో ఊపి చూసిగాని కూర్చునేవారు కాదు. "క్యా బాబాయ్, ఈ బస్సు ఎగరదు, కూకో!" అని కండక్టర్ ఎగతాళి చేసేవాడు. "ఎగరపోతే ఏటి, బ్రేకైతే ఏస్తావు గదా?" అనేవారు ఉస్తాద్.

రివెట్ కొట్టడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. నేను లోపల కూర్చుని రివెట్ తల మీద గన్‌తో కొడుతుంటే, ఆయన విమానం పొట్ట కింద పాత ఫ్రిజ్ అట్ట పరుచుకుని పడుకుని, కిందికి పొడుచుకొచ్చిన రివెట్ తోక అణిగేలా ఇనుప దిమ్మను దానికి అదిమి పట్టేవారు. మా మధ్య విమానం నేల. ఒకరికొకరం కనిపించం, గన్ మోతలో మాట వినిపించదు. ఆయన దిమ్మతో ఒకసారి తట్టితే ఇంకా కొట్టమని, రెండుసార్లు తట్టితే సరిపోయిందని. ఒంటరివాణ్ణి నేను. ఇన్నేళ్లలో మనుషులతో నోటితో మాట్లాడినదానికంటే ఆయనతో అలా మాట్లాడినదే ఎక్కువేమో.

కర్మకాండ ముగిశాక కుడివైపు పని మొదలుపెట్టక తప్పలేదు. ఇంకో దీవిలోని రంగత్ నుంచి కొత్తగా వచ్చిన మెకానిక్ దిమ్మ పట్టుకుని కింద పడుకున్నాడు. అతను తట్టడు, అరుస్తాడు. "బస్, భయ్యా! సరిపోనాది!"

ఉస్తాద్ రెండుసార్లు తట్టారంటే నేను దిగి చూసేవాణ్ణి కాదు. ఈ కేక మీద ఒక ప్రాణాన్ని ఎలా ఉంచను? ప్రతి రివెట్‌కూ దిగి, టార్చి వేసి, తోక అణిగిన తీరు కొలిచాను.

"నా మీద నమ్మకం లేదేటి భయ్యా?"

"ఉంది," అన్నాను. మళ్లీ దిగాను.

అతను కోపగించలేదు. కళ్లలో పడిన అల్యూమినియం పొడి తుడుచుకుంటూ పక్కకు జరిగి చోటిచ్చాడు. "దిగు, దిగు. ఈ సీట్లో కూకునేది నువ్వూ కాదు, నేనూ కాదు. బాగా సూసుకో."

ఒక్క తోక కూడా వంకర పోలేదు. రెండో పట్టా సగానికి వచ్చాక అతని కేక విని అక్కడే కూర్చుని, తరువాతి రివెట్ అందుకున్నాను.

చెన్నై నుంచి వచ్చిన ఇంజినీరు అన్నీ పరీక్షించి సంతకం చేశారు. పైలట్ వచ్చి ఒక్కో సీటునూ ముందుకు లాగి, పిన్ను దించి, వీపుతో గట్టిగా నెట్టి చూశాడు. కదలలేదు. విమానం బయటకు కదిలింది.

అది నిలిచి ఉన్న చోట, ఎడమవైపు, నేల మీద ఆ పాత ఫ్రిజ్ అట్ట మిగిలింది. దాని మీద చెమటకూ నూనెకూ నల్లబడిన రెండు భుజాల అచ్చు. రంగత్ మనిషి చీపురు తెచ్చి హ్యాంగర్ అంతా ఊడుస్తూ అక్కడికి వచ్చాడు. అతను ఒక్క క్షణం ఆగి, అట్ట అంచు కదలకుండా దాని చుట్టూ ఊడ్చుకుంటూ వెళ్లాడు.