యేసోబు ఫ్లెక్సుకి ఓకే చెప్పే ముందు

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది.

యేసోబు లేడు.

"నిద్రలోనే పోయినాడు తాతా" అంది గ్రేసు. వాడి మనవరాలు, కోయిలకుంట్ల నుంచి. నేను "ఆఁ" అన్నాను. ఆ పిల్ల పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.

ఇంట్లో ఎవరూ లేరు. కొడుకు, కోడలు డ్యూటీలకు పోయారు. సాయంత్రం వాళ్ళకి చెప్తే "యేసోబు ఎవరు?" అని అడిగారు.

అందుకే ఇక్కడ రాస్తున్నా.

నా మోకాళ్ళు నన్ను మా కల్లూరు దాటనివ్వవు. రేపు వాణ్ని సమాధి చేసేచోటికి పోలేను. వాడి కోసం నేను చేయగలిగిన పని ఒక్కటే మిగిలింది. గ్రేసు వాట్సాప్‌లో ఫ్లెక్స్ డిజైన్ పంపింది.

"నువ్వు ప్రెస్సులో ప్రూఫులు చూసినోడివి గదా తాతా. చూసి ఓకే చెప్పు. షాపాయన అర్జెంటంటాండాడు."

తెరిచి చూశాను. వెనక మేఘాలు, పావురాలు. మధ్యలో సూటు వేసుకున్న ఎవరో తెల్లటి పెద్దమనిషి.

మా యేసోబు నలుపు. నిగనిగలాడే నలుపు. షాపువాడు బ్రైట్‌నెస్ పెంచి, ముడతలు తుడిచేసి, వాణ్ని నేనే గుర్తుపట్టకుండా చేశాడు. యేసోబు ఆఖరి బొమ్మ అది. నేను సరే అంటే ఊరంతా వాణ్ని అలాగే చూస్తుంది.

ఓకే చెప్పలేదు.

ఎందుకో చెప్పాలంటే యాభైల్లోకి పోవాలి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు, గుడారాల్లో ఆఫీసులు నడిచేవి. మేమిద్దరం పాత ఊర్లో ఒక లేబుల్ ప్రెస్సులో పనిచేసేవాళ్ళం. వాడు అచ్చువేసే రాతి మీద బొమ్మ గీసేవాడు. అచ్చుకు పోయేముందు వచ్చే ప్రూఫు నేను చూసేవాణ్ని. అత్తరు సీసాలకు తగరం కాగితం, బట్టల మూటలకు గుడ్డ లేబుళ్ళు, ఏది అడిగితే దాని మీద వేసేవాళ్ళం.

ప్రూఫుని బల్ల మీద చూసి ఒప్పుకునే అలవాటు మాకు లేదు. అసలు సీసాకే అంటించి, వాకిట్లో ఎండకు పెట్టి, ఇద్దరం ఊఁ అంటేనే అచ్చు. ఇప్పుడు ఆ రెండో ఊఁ అనే మనిషి లేడు.

ప్రొద్దుటూరు నుంచి గంగప్ప అని తలనూనె వ్యాపారి వచ్చేవాడు. మూలికలేసి ఆ నూనె కాచింది ఆయన భార్య లచ్చుమి. ఆమె పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. సీసా మీద ఆమె బొమ్మే ఉండాలని ఆయన పట్టుదల. ఆయన గుర్తులు చెప్తుంటే యేసోబు గీసేవాడు.

ప్రూఫ్ చూపిస్తే గంగప్ప తల అడ్డంగా ఊపేవాడు.

"శానా బాగుండాదప్పా. మా లచ్చుమి మాత్రం కాదు."

ముక్కు మార్చాం. బొట్టు పెద్దది చేశాం. కొప్పు కిందికి దించాం. మళ్ళీ అదే మాట. తేడా ఎక్కడో మాత్రం చెప్పడు. నాకు చిర్రెత్తుకొచ్చేది. యేసోబు మాత్రం మళ్ళీ రాయి ముందు కూర్చునేవాడు.

ఒకసారి ప్రూఫ్ అంటించిన సీసాకి బిరడా సరిగ్గా పడలేదు. నూనె కారి లేబులంతా తడిసింది. ముదురు కాఫీ రంగు నూనె. కాగితం పీకి పారేయబోయాను. గంగప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

నూనె పీల్చి కాగితం అద్దంలా అయింది. సీసాలోని రంగు ఆమె ముఖంలోంచి కనబడుతోంది. తెల్లటి మనిషి నల్లగా అయింది.

"ఇదప్పా. ఇదే మా లచ్చుమి" అని గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు.

ఆమె నలుపని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. అడగాలని మాకూ తోచలేదు. లేబుల్ మీద ఆడమనిషంటే తెల్లగా ఉండాల్సిందేనని అందరూ అనుకునే కాలం. ఇప్పుడు మారిందా అంటే, ఈ ఫ్లెక్స్ చూడండి.

ఆయన పోయాక యేసోబు ఆ సీసాని మళ్ళీ ఎండకు పెట్టి చూశాడు. తర్వాత అన్నాడు.

"మాయమ్మ నలుపు. నేను నలుపు. మరి నా చెయ్యి ఎప్పుడు జూసినా తెలుపే ఎందుకు గీస్తాండాదప్పా?"



ఆ లేబుల్‌ని చివరికి అవతలి రంగు కనబడే బటర్ పేపర్ మీద వేశాం. ఇంకు ఆరక నానా తిప్పలు పెట్టింది. ఒక చిక్కు మాత్రం తీరలేదు. సీసాలో నూనె తగ్గేకొద్దీ ఆమె ముఖం పైనుంచి తెల్లబడేది. గంగప్ప తన అంగట్లో ఒక సీసాని అమ్మకుండా, ఎప్పుడూ నిండుగా ఉంచుకునేవాడు.

ఇదంతా గ్రేసుకి వాట్సాప్‌లో ఎలా చెప్పను? "ఇది మీ తాత కాదమ్మా. రంగు మార్చకుండా, ఉన్న మనిషిని ఉన్నట్టు వేయమను" అని వాయిస్ మెసేజ్ పెట్టాను.

"అందరూ బాగుండాదన్నారు తాతా" అంది. కాసేపయ్యాక మళ్ళీ తనే ఫోన్ చేసింది. "నిజమే తాతా. మళ్ళా చూస్తే ఆయన అందులో యాడా లేడు."

ఇందాక రెండో డిజైన్ వచ్చింది.

మేఘాలు అలాగే ఉన్నాయి. సూటు సంగతి వదిలేశాను. ముఖం మాత్రం వాడే. ఆ నలుపు, ఆ ముడతలు, ఎడమ కంటి కింద మచ్చ.

ఫోన్ పట్టుకుని వరండాలోకి పోయి వెలుతుర్లో చూశాను. తప్పు వెతికాను. ఒక్కటైనా దొరికితే ఇంకో ప్రూఫ్ అడగొచ్చు. అది వచ్చేదాకా వాడు నా దగ్గర ఉంటాడు.

దొరకలేదు.

"షాపు మూస్తాండారు తాతా" అని గ్రేసు మెసేజ్.

ఓకే అని పంపేశాను.

పోయిరా యేసోబూ. నువ్వు నమ్ముకున్న ప్రభువు నిన్ను నిశ్చింతగా నిద్రపోనివ్వాలి.