చీనీ పండ్ల కోసం ఇనుప పండ్లు

ఆ కాలంలో మా వైపు ఇరవై రెండేళ్ళ వయసువాడికి చేతిలో పని ఉన్నా లేకపోయినా, తలలో ఏదో ఒక మిషను తిరుగుతూ ఉండేది. అందరికీ అది తలలోనే తిరిగి, పెళ్ళి కాగానే ఆగిపోయేది. నాది మాత్రం బయటికి వచ్చి మా అడుగుల మామ చేనులో తిరిగింది, అదీ తిరగాల్సిన దిక్కుకు కాకుండా. కడపలో మూడేళ్ళు పాలిటెక్నిక్ చదివి, రెండు సబ్జెక్టులను అక్కడే భద్రంగా వదిలేసి ఊరు చేరినవాణ్ణి నేను. ఊళ్ళో అందరూ నన్ను ‘ఇంజినీరూ’ అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపులో మర్యాద ఎంత, వెటకారం ఎంత అని వేరుచేసి చూసుకునే తెలివి అప్పట్లో లేదు. ఇప్పుడు ఆ తెలివి వచ్చింది గానీ పిలిచేవాళ్ళు తగ్గిపోయారు.

మాకు రెండు వందల పది చీనీ (బత్తాయి) చెట్లు ఉండేవి. మా నాయన వాటిని ఆరేళ్ళు పెంచాడు, చెట్టు చెట్టుకూ గుణం ఎట్లాంటిదో చెప్పగలిగేవాడు. ఆ ఎండాకాలం తోటలో ఉన్న బోరు ఒక రోజు దగ్గింది, మరుసటి రోజు గాలి వదిలింది, మూడో రోజు అదీ మానేసింది. కొత్తగా వేయించిన బోరులో నీళ్ళు పడ్డాయి గానీ, పడింది తోటలో కాదు, అడుగుల మామ చేనుకు అవతల ఉన్న మా బీడులో. ఇవతల ఎండుతున్న చెట్లు, అవతల నీళ్ళు, నడుమ నాలుగు వందల అడుగుల మామ చేను. చుట్టూ తిప్పి తీసుకొద్దామంటే రెండు పక్కలా బండ. మా నాయన ఆ సాయంత్రం చెట్ల మధ్య నిలబడి, “వానలు పడేలోపల నీళ్ళు తేలేకపోతే చెట్లు కొట్టేసి మళ్ళా శెనిక్కాయ ఏసుకుందాం లేప్పా” అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. దానికే నాకు భయమేసింది.

అడుగుల మామ మాకు వరసకు మామ. ఆ పేరు ఎందుకు వచ్చిందంటే, ఆయన చేతిలో ఎప్పుడూ అడుగుల గీతలు చెక్కిన వెదురు కర్ర ఉండేది. గట్టు కొలిచేవాడు, నీడ కొలిచేవాడు, ఇంటికొచ్చిన కొత్త అల్లుణ్ణి కూడా కంటితో కొలిచేవాడు. (అడుగు అంటే కొలతా, నడకా, లోతూ కూడా కాబట్టి ఆయనను ఏదైనా అడుగుదామంటే నాకు అడుగు పడేది కాదు.) అయినా పోయి అడిగాను.

“పైపు ఏసుకో అల్లుడా, నేనేమీ వద్దనలే. కానీ మూడు అడుగుల లోతుండాల. దున్నేటప్పుడు నా మడక నీ పైపును తాకగూడదు, నీ పైపు నా మడకను తాకగూడదు.”

“జేసీబీ తెప్పిస్తా మామా, ఒక పూటలో అయిపోతాది.”

“ఆ బకెట్టుతోనా? అది గుంత తీయడం గాదు, బావి తీయడం. అడుగున ఉండే సుద్దంతా తెచ్చి నా చేను పైన కుమ్మరిస్తాది. జానెడు వెడల్పుకు మించి తవ్వితే నేనొప్పుకోను. ఇంగొక మాట. వాన పడి పదునైందంటే నేను ఇత్తనం ఏస్తా. ఆ పొద్దుకు నీ గుంత పూడిపోయి ఉండాల. ల్యాకుంటే పంట పీకినాక చూసుకుందాం.”

పంట పీకేది కార్తీకంలో. అప్పటికి మా చెట్లు పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరావు. కూలోళ్ళను పిలిస్తే వచ్చి, గడ్డపార నాలుగుసార్లు దించి, అది మోగిన మోత విని, “ఇది నేలగాదప్పా, గంట” అని వెళ్ళిపోయారు. జానెడు వెడల్పు, మూడు అడుగుల లోతు, రాతినేల, వాన పడేలోపల. నా చదువులో నేను వదిలేసిన రెండు సబ్జెక్టులూ ఒక్కసారిగా నా ముందు నిలబడ్డట్టయింది. నేనే మిషను చేస్తానని ఇంట్లో చెప్పాను. మా జేజి (నాయనకు అమ్మ) కళ్ళజోడు సవరించుకుని నన్ను చూసి, “మంచిది నాయనా, ముందు అన్నం తిను” అంది.

మిషను ఆలోచన చాలా సులువు. సైకిలు చెయినుకు పండ్లు పెట్టి, దాన్ని ట్రాక్టరు వెనక ఒక దూలం చుట్టూ తిప్పితే, పండ్లు నేలను కొరుకుతూ మన్ను పైకి తెస్తాయి. సైకిలు చెయిను బదులు కొంచెం పెద్ద చెయిను కావాలి, అంతే. డోన్‌లో పాత ఇనుము అంగళ్ళన్నీ రెండు రోజులు తిరిగి, ఏదో కంకర మిషనులో రాళ్ళు మోసి అలసిపోయిన చెయిను ఒకటి సంపాదించాను. ఒక జీపు వెనక ఇరుసు దొరికింది, జీపు మాత్రం ఎటుపోయిందో దేవుడికే తెలియాలి. రెండింటినీ రైలెక్కించబోతే పెట్టెలోని వాళ్ళంతా ఒక్కటై దించేశారు. చివరికి ఉల్లిగడ్డల లారీ మీద ఊరు చేరాం, చెయినూ నేనూ ఒకే వాసనతో. ఇక ట్రాక్టరు మా నాయనది. రిజిస్ట్రేషను కాగితంలో దాని రంగు ఎరుపని ఉండేది, కాగితం తప్ప వేరే సాక్ష్యం లేదు.

వెల్డింగు పని టాకా భాయ్ చేశాడు. రెండు ఇనుములు కలపాలంటే ముందు చుక్కలా ఒక టాకా వేసి, వెనక్కి జరిగి, తల పక్కకు వంచి చూసుకుని, ఆ తర్వాతే పూర్తిగా అతికేవాడు. మాట కూడా అంతే. ముందు ఒక ముక్క అంటించి, కాసేపు చూసి, మిగతాది తర్వాత చెప్పేవాడు. లారీ కమాను పట్టీలు కోసి పండ్లు చేశాం. మా సీమలో నోట్లో ఉన్నవీ పండ్లే, చెట్టున కాసేవీ పండ్లే, కాబట్టి మేం చేస్తున్నది పండ్ల కోసం పండ్లు. మొత్తం ఇరవై ఎనిమిది అతికాం. మనిషికి ముప్పై రెండు గదా అంటారేమో, మిగిలిన నాలుగూ జ్ఞానదంతాలు. అవి మిషనుకూ లేవు, చేయించినవాడికీ లేవు.

అతికే ముందు టాకా భాయ్ ఒక్కటే అడిగాడు. “ఇంజినీరూ, పండ్లు యా దిక్కుకు ఉండాల?”

“ముందుకు భాయ్.”

అక్కడే మునిగింది. నా లెక్కలో ముందంటే తవ్వకం ముందు, అంటే ట్రాక్టరు వెనక. ఆయన లెక్కలో ముందంటే ట్రాక్టరు ముందు. ఇద్దరమూ ముందుచూపు ఉన్నవాళ్ళమే గానీ, చూసింది చెరో దిక్కుకు.

మొదటి రోజు చూడ్డానికి ఊళ్ళో సగం మంది వచ్చారు. నేను ట్రాక్టరెక్కి, గేరు తీసేసి, చెయిను తిప్పి, లిఫ్టుతో దూలం నేలకు దించాను. నేలలోకి దిగాల్సిన పండ్లు నేలను వెనక్కి తన్నాయి. గేరు లేకుండా, ఎవరూ చెప్పకుండా, ట్రాక్టరు నడిచింది. ముసలి గాడిదకు ఉన్నట్టుండి బాల్యం గుర్తొచ్చినట్టు ఎగిరెగిరి ముందుకు పోతోంది. నేను బ్రేకు తొక్కితే అది ఆలోచించుకుని ఆగే రకం. మామ గడ్డివామి దగ్గరికి పోయి, తల లోపల పెట్టి, అక్కడ ఆగింది. మామ నిదానంగా వచ్చి కర్రతో కొలిచాడు. “నూట పదకొండు అడుగులు. లోతు మాత్రం ల్యా. తవ్వడానికి చేసినావా అల్లుడా, తరమడానికి చేసినావా?”

తప్పెక్కడో ఆ సాయంత్రమే నాకు తెలిసింది. చెయిను విప్పి తిప్పి వేస్తే పండ్లు సరైన దిక్కుకు వస్తాయి. టాకా భాయ్ తప్పుగా అతికాడని పదిమందిలో అంటే ఆయన పరువు పోతుంది (నా పరువు అప్పటికే గడ్డివామిలో ఉంది). అందుకే పొద్దు గూకాక ఒక్కణ్ణే పోయి, చెయిను విప్పి, తిప్పి వేసి, ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చాను. నాకు తెలియనిదేమంటే, టాకా భాయ్‌కి కూడా తప్పెక్కడో తెలిసింది. పిల్లోడి పరువు తీయడమెందుకని ఆయన తెల్లవారి నేను లేవకముందే వచ్చి, చెయిను విప్పి, తిప్పి వేసి, ఏమీ ఎరగనట్టు టీ తాగుతూ కూర్చున్నాడు. రెండు తప్పులు కలిస్తే ఒప్పు కాదంటారు. మావి రెండు ఒప్పులు కలిసి మళ్ళీ తప్పయింది.

ట్రాక్టరుకు దారి తెలుసు. నేరుగా గడ్డివామికే పోయింది.

గడ్డి దులుపుకుంటూ దిగాను. టాకా భాయ్ తల వంచి చాలాసేపు చెయిను వైపు చూశాడు. “నువ్వు తిప్పినావా?” అన్నాడు. కాసేపు ఆగి, “నేనూ తిప్పినా” అన్నాడు. ఆ రోజు మేమిద్దరం నవ్విన నవ్వుకు మామ ఎద్దులు కట్టు తెంచుకోబోయాయి. తర్వాత ఇద్దరం కలిసి, ఒకరి కళ్ళ ముందు ఒకరం, ఒక్కసారే తిప్పాం.

ఈసారి పండ్లు నేలను కొరికాయి. జానెడు వెడల్పు గుంత, పక్కన మెత్తటి మన్ను. మామ కూడా కర్ర కింద పెట్టి చూశాడు. అయితే గేరు వేసి కదిలిస్తే చాలు, ఇంజను నల్లటి పొగ కక్కి ఆగిపోయేది. ఎంత చిన్న గేరు వేసినా దాని నడక మా చెయిను మేతకు ఎక్కువ. నమలకముందే రెండో ముద్ద నోట్లో కుక్కినట్టు. పళ్ళచక్రాలు మార్చి చూశాను, చెయిను బిగించి చూశాను, వదులు చేసి చూశాను. ఐదు రోజులు పోయాయి. ఆరో రోజు పడమర మబ్బు కనిపించింది. వదిలేయమని మా నాయన అనలేదు గానీ, గొడ్డలికి కొత్త పిడి వేస్తూ కూర్చున్నాడు. నేను ఆ పిడి వైపు చూడకుండా అన్నం తిని మళ్ళీ పోయాను.

ఆ మధ్యాహ్నం సద్ది తెచ్చిన జేజి గట్టు మీద కూర్చుని అంతా చూసింది. ఆమె పుట్టిల్లు ఒంటిమిట్ట పక్కన. “అబ్బీ, తేరును ఎవురన్నా ఉరికిస్తారా?” అంది.

“తేరు యాడుంది జేజీ, ఇది ట్రాక్టరు.”

“అరిచేదీ కదలనిదీ ఏదైనా తేరే. మా అన్నోళ్ళు ఒంటిమిట్ట తేరుకు చక్రాల కింద కొయ్యలు ఏసేటోళ్ళు. ముందర మోకులు పట్టి లాగుతాంటే, ఎనక నుంచి గడ్డపారలతో ఎగదోస్తారు. జానెడు జరిగితే కొయ్య ఏస్తారు, ఆగుతారు, మళ్ళా జానెడు. దాని కాళ్ళతో దాన్ని ఎందుకు నడిపిస్తావు? అది తవ్వేపని చూసుకోనీ. నడిపించే పని మనం చూసుకుందాం.”

తేరు మాట విన్నాకే నేను తేరుకున్నాను. గేరు తీసేసి, ఇంజను బలమంతా చెయినుకే ఇచ్చి, ముందు మోకు కట్టాను, ఊళ్ళోవాళ్ళు పన్నెండు మంది పట్టారు. వెనక చక్రాల దగ్గర గడ్డపారలతో ఇద్దరు, టాకా భాయ్ చేతిలో కొయ్యముక్కలు. “గోవిందా” అంటే జానెడు, కొయ్య. “గోవిందా” అంటే జానెడు, కొయ్య. గోవిందా అనడంలో టాకా భాయ్ గొంతే అందరికన్నా పెద్దది. పైన కూర్చున్న నన్ను చూసి ఎవడో, “ఉత్సవ విగ్రహం బాగుండాది గానీ అలంకారం తక్కువైంది” అన్నాడు. నూనె మరకలే అలంకారమనుకుని కదలకుండా కూర్చున్నాను. నాలుగు రోజుల్లో మూడు వందల అరవై అడుగులు తవ్వాం. వెనకే పైపు వేసి పూడ్చుకుంటూ వచ్చాం.

నలభై అడుగులు మిగిలి ఉండగా వాన పడింది. మంచి వాన. ఊరంతా సంతోషపడ్డ ఆ సాయంత్రం నేనొక్కణ్ణే చూరు కింద ముఖం వేలాడేసుకుని నిలబడ్డాను. నా పండ్లకు పదును పెట్టుకునేలోపలే నేలకు పదును వచ్చేసింది. తెల్లవారేసరికి మోకు పట్టిన పన్నెండు మందిలో ఎనిమిది మంది వాళ్ళ వాళ్ళ చేలల్లో ఉన్నారు. తప్పు కాదు, పదును ఎవరి కోసమూ ఆగదు. మామ కూడా ఎద్దులూ గొర్రూ విత్తనమూ సిద్ధం చేసుకుని వచ్చాడు. నేను నోరు తెరవబోయాను.

“మాట మాటే అల్లుడా” అన్నాడు మామ. తర్వాత ఎద్దులను మా గుంత వైపు కాకుండా, చేనుకు ఆ చివరికి తోలుకుంటూ పోయాడు. పోతూ పోతూ వెనక్కి తిరగకుండానే, “నేను ఆ కొస నుంచి ఏసుకుంటా వస్తాండా. ఈడికి వచ్చేటప్పటికి నువ్వు ఉండగూడదు, అంతే” అన్నాడు. ఆయన ఎప్పుడూ విత్తనం ఈ కొస నుంచే మొదలుపెట్టేవాడని ఊరందరికీ తెలుసు.

మిగిలిన నలుగురూ, మా నాయనా మోకు పట్టారు. తడికి నేల మెత్తబడి, నేను అంతగా భయపడిన పదునే మా పండ్లకు పదునైంది. మామ గొర్రు సాలు వెంట సాలుగా మా వైపు వస్తోంది, మేం జానెడు వెంట జానెడు జరుగుతున్నాం. ఆ రోజు మామ ఎద్దులకు ఎన్నిసార్లు దాహమైందో లెక్కలేదు. చివరి సాలు దగ్గరికి ఆయన వచ్చేసరికి మేం చివరి అడుగు దగ్గర ఉన్నాం. అయితే గట్టు దగ్గర కింద బండ తగిలి, పండ్లు నిప్పులు రాల్చి ఆగిపోయాయి. మామ కర్ర దించాడు. రెండున్నర.

మా నాయన మోకు వదలలేదు. మామ ఆ కర్రనే చూసి, దాన్ని పక్కన పెట్టి, చెప్పు విప్పాడు. గుంత పక్కన ఉన్న గడ్డపార తీసి గుంతలో నిలబెట్టి, నేల ఎంత వరకు వచ్చిందో అక్కడ వేలు పెట్టుకుని, గడ్డపార నేల మీద పడుకోబెట్టి, దాని వెంట తన పాదాలు ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటూ నడిచాడు. మూడు పాదాలు. చిన్న మనిషి, చిన్న పాదం.

“నా అడుగుతో మూడు ఉండాది” అన్నాడు. “పైపు ఏసుకో.”

ఇప్పుడు ఫోను చేస్తే గుంత తీసే మిషను బాడుగకు వస్తుంది. దాని పండ్లు ఏ దిక్కుకు ఉండాలో కంపెనీవాళ్ళే చూసుకుంటారు, ఎవరి పరువూ ఎవరూ కాపాడనక్కరలేదు. మా మిషను పాక వెనక ఉంది, దాని మీద కాకర తీగ పాకింది. మొన్న పనిలేక లెక్కపెట్టాను, ఇరవై ఎనిమిది పండ్లూ ఉన్నాయి. నావి అంత గట్టివి కావు. కడపలో పైవరస కట్టించుకుని ఇంటికి రాగానే టాకా భాయ్ చూడ్డానికి వచ్చాడు. తల పక్కకు వంచి, నా నోరు చాలాసేపు చూశాడు.

“బాగుండాయి” అన్నాడు. కాసేపు ఆగాడు. “ఇంజినీరూ, ఇంట్లో ఎవురూ చూడకుండా తిప్పి పెట్టుకోలేదు గదా?”

నవ్వితే కొత్త పండ్లు ఊడిపోతాయని డాక్టరు చెప్పాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. తర్వాత ఆ ముసలి చెట్లలో ఒకదాని కాయ కోసి, ఒలిచి, సగం ఆయన చేతిలో పెట్టాను. తొన మెత్తగానే ఉంది. దానికి పండ్లతో అంత పని పడలేదు.