బావి ఈతతో చెరువు దాటిన రోజు

మా అమ్మాయి లత పదకొండేళ్ళు నిండిన వేసవిలో ఈత నేర్చుకుంటానని పట్టుబట్టింది. మా ఆవిడ సుగుణ ససేమిరా అంది. సుగుణ చెల్లెలు పెళ్ళి కాకముందే బావిలో మునిగి చనిపోయింది. అప్పటినుంచి సుగుణకు నీళ్ళంటే వీధి కుళాయి, వంటింట్లో బిందె, అంతే. ఈత రాకనే ఆ పిల్ల పోయింది కాబట్టి లతకు నేర్పించాలని నేను, నీళ్ళ దగ్గరికి వెళ్ళబట్టే పోయింది కాబట్టి లత వెళ్ళకూడదని ఆమె, నెలల తరబడి వాదించుకున్నాం. నేను చిత్తూరులో ఒక బెల్లం మండీలో గుమాస్తాను. రోజంతా రైతులనూ వ్యాపారులనూ ఒప్పించే పనే నాది. ఇంట్లో మాత్రం ఒక్క మాట నెగ్గించుకోలేకపోయాను.

ఇది ఎనభైల నాటి మాట. ఆ ఏడు కార్తీకంలో వానలు బాగా పడ్డాయి. ఒకరోజు మండీకి వచ్చిన కరపత్రంలో ఒక వింత పోటీ సంగతి చదివాను. తిరుపతిలో రిటైరైన డ్రిల్లు మాస్టరు ఒకాయన పెడుతున్నాడు. చంద్రగిరి దగ్గర ఒక చెరువును ఈది దాటాలి. ఒంటి తడి ఆరకముందే తిరుపతి దాకా సైకిలు తొక్కాలి. సైకిలు దిగి తిరుచానూరు దాకా పరిగెత్తాలి. మూడూ కలిపి రెండు గంటల్లో ముగించినవాళ్ళ పేర్లు పుస్తకంలో ఎక్కిస్తారట. సైకిలు నేను రోజూ తొక్కేదే. నలభై దగ్గర పడుతున్నా పొద్దున్నే పరిగెత్తే అలవాటు మానలేదు. ఈత అంతకు మూడేళ్ళ ముందు నా స్నేహితుడు గంగిరెడ్డి పొలంలోని బావిలో నేర్చుకున్నాను.

కరపత్రం సుగుణకు చూపించాను. ఆమె రెండుసార్లు చదివి మడిచింది.

"బావిలో అయితే గోడ పట్టుకుంటావు. చెరువులో ఏం పట్టుకుంటావు?"

"ఏమీ పట్టుకోను," అన్నాను.

"సరే. నా కండ్ల ముందర ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోయి సూపించు. అప్పుడు పాప సంగతి మాట్లాడుకుందాం. పోలేకపోతివా, ఈ ఇంట్లో ఇంక ఈత మాట ఎత్తేది లేదు."

సరేనన్నాను. మా ప్రయాణానికి కారణం అదీ. పోటీలో ఎన్నోవాడిగా వస్తానన్నది నాకు పట్టలేదు.

శనివారం మధ్యాహ్నం లతను మా అమ్మ దగ్గర వదిలి రెండున్నరకల్లా చిత్తూరు స్టేషను చేరాం. అప్పటికి మా లైను మీటరు గేజీ. సైకిలుకు మడ్గార్డులూ స్టాండూ క్యారియరూ ముందే ఊడదీసి ఉంచాను. దాన్ని గార్డు పెట్టెలో వేయడానికి వేరే చీటీ రాయించాలి. గార్డు సైకిలును కిందా మీదా చూశాడు.

"ఇదేందప్పా, సగం సైకిలే ఉండాది. మిగతాది యాడ పెట్టినావు?"

"పందేనికి పోతా ఉండానన్నా. బరువు తగ్గించినాను."

"సగం బండికీ పూర్తి చార్జీనే," అని చీటీ చింపిచ్చాడు.

బండి మూడు గంటలకు కదిలింది. పాకాల జంక్షనులో చాలాసేపు ఆగింది. అక్కడ కాఫీ బాగుంటుంది, ఈ దారిన వెళ్ళేవాళ్ళు వదులుకోవద్దు. మా ఎదురుగా గుడియాత్తం నుంచి కొండకు తలనీలాలివ్వడానికి వెళ్తున్న ముసలావిడ కూర్చుంది. సగం అరవం, సగం తెలుగులో మా వివరాలన్నీ లాగింది. చెరువులో ఈదబోతున్నానని విని సుగుణ వైపు తిరిగి, "నువ్వు వద్దని చెప్పల్యా మా?" అని అడిగింది. "పొమ్మని చెప్పిందే నేను," అంది సుగుణ. ముసలావిడ తమలపాకులకు సున్నం రాసుకుంది.

అయిదుకల్లా చంద్రగిరిలో దిగాం. స్టేషనుకు దగ్గరలోనే ఒక సత్రంలో గది దొరికింది. చాపలు వాళ్ళే ఇచ్చారు, దుప్పటి మనదే. సైకిలును గదిలో గోడకు ఆనించి, ఇంకా వెలుగుండగానే చెరువు చూసి రావడానికి బయల్దేరాం. కోట కొండ మీద ఎండ తగ్గిపోతోంది. రాజమహలు చూద్దామన్నాను గానీ సుగుణ ఆగలేదు. నేరుగా చెరువు దగ్గరికే నడిచింది. చెరువు నేననుకున్న దానికంటే చాలా పెద్దది. నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. ఎడమ వైపున పొడుగ్గా కట్ట, కట్ట మధ్యలో తూము, తూము ముందర మనిషెత్తు జమ్ము గడ్డి. ఎదుటి గట్టున గడకు ఎర్రగుడ్డ కడుతున్నారు. మేం ఈది చేరవలసింది ఆ గుడ్డ దగ్గరికే. సత్రానికి తిరిగొచ్చాం. ఇంటి నుంచి తెచ్చుకున్న పులుసన్నం, ఊరుబిండి పచ్చడి తిని తొందరగా పడుకున్నాం.

ఆదివారం ఆరున్నరకు గట్టు మీదున్నాం. చలి బాగా ఉంది. ఇరవై ఆరు మందిమి చేరాం. ఎక్కువమంది కాలేజీ కుర్రాళ్ళు, ఇద్దరు పోలీసులు, తిరుపతిలో దోసెలు పోసే ఒక వంటాయన. నీళ్ళలో మాకు తోడు లారీ ట్యూబుల మీద కూర్చున్న ఇద్దరు చేపలు పట్టేవాళ్ళు. సైకిళ్ళన్నీ అవతలి గట్టుకు ముందే చేర్చారు. సుగుణ కూడా నడిచి అవతలికి వెళ్ళి ఎర్రగుడ్డ కింద నిలబడింది. అంత దూరం నుంచి ఆమె పచ్చచీర ఒక్కటే కనబడుతోంది.

డ్రిల్లు మాస్టరు చెప్పింది రెండే మాటలు. "నాయనా, ఎవురూ ఎవుర్నీ తొక్కొద్దు. అలిసిపోతే చెయ్యెత్తండి."

సరిగ్గా ఏడుకు విజిల్ వేశాడు. నీళ్ళు చల్లగా ఉన్నా కాసేపటికి ఒళ్ళు సర్దుకుంది. బాగానే ఈదుతున్నాననుకున్నాను. పక్కన ఎవరూ తగలకపోవడం చూసి అందరికంటే ముందున్నానేమో అన్న ఆశ కూడా కలిగింది. తలెత్తి చూస్తే ఎదురుగా ఎర్రగుడ్డ లేదు. అది నాకు కుడిచేతి వైపు దూరంగా ఉంది. మనుషులంతా కూడా అటే, నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నారు. నేనొక్కణ్ణే జమ్ము వైపు వెళ్తున్నాను.

తిన్నగా తిరిగి ఇరవై బారలు వేసి మళ్ళీ చూశాను. మళ్ళీ జమ్ము. అప్పుడు అర్థమైంది. గంగిరెడ్డి బావిలో మేం గోడను కుడిచేతి పక్కన ఉంచుకుని ఎడమకు గుండ్రంగా తిరుగుతూ ఈదేవాళ్ళం. మూడేళ్ళలో వందలసార్లు తిరిగాను, ఒక్కసారైనా తిన్నగా ఈదలేదు. బావిలో తిన్నగా ఈదడానికి చోటేదీ? నా చేతులకు తెలిసిన దారి అదొక్కటే. ఎంత దూరం ఈదినా అవి నన్ను ఎడమకే తిప్పుతున్నాయి.

తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు భయం వేసింది. లారీ ట్యూబులవాళ్ళు జనం వెంట వెళ్ళిపోయారు. జమ్ము నాకూ ఎర్రగుడ్డకూ అడ్డం వచ్చింది. పిలిచినా వినబడదు. అలిసినప్పుడు వెల్లకిలా పడుకొమ్మని గంగిరెడ్డి నేర్పించిన మాట గుర్తొచ్చి, పడుకుని ఆకాశం చూస్తూ ఊపిరి తీసుకున్నాను. నీళ్ళు నన్ను మోశాయి. భయం పూర్తిగా పోలేదు గానీ ఈదడానికి సరిపడా తగ్గింది. ఆ తర్వాత అయిదు బారలకు ఒకసారి ఆగి, తలెత్తి చూసి, దారి సరిచేసుకుంటూ జమ్ము చుట్టి వచ్చాను. మెల్లగా ఎర్రగుడ్డ దగ్గరయింది. కాలికి బురద తగిలినప్పుడు టైము ఏడూ ఇరవై అయిదు.

అందరికంటే చివరివాణ్ణి. గట్టున నా సైకిలొక్కటే మిగిలింది. పచ్చచీర మాత్రం కనబడలేదు.

"మా ఇంటామె యాడుందన్నా?" అన్నాను, అక్కడ టైము రాస్తున్నతన్ని.

"నువ్వు జమ్ములోకి పోయి కనపడకపోయేసరికి కట్టెక్కి తూము కల్లా పరిగెత్తింది," అన్నాడు. "వచ్చేస్తాది లే అన్నా. నువ్వు పో, టైమైతా ఉండాది."

అప్పుడే సైకిలెక్కి ఉంటే రెండు గంటల్లో తిరుచానూరు చేరేవాణ్ణి. అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ ఆమె మనసులో నేనప్పటికి మునిగిపోయి ఉన్నాను. కట్ట మీద ముళ్ళు. వట్టి కాళ్ళతో పరిగెత్తాను.

తూము దగ్గరికి వెళ్ళి చూస్తే కట్ట మీద ఎవరూ లేరు. కిందికి చూశాను. జమ్ములో, నడుము లోతు నీళ్ళలో సుగుణ నిలబడి ఉంది. రెండు చేతులతో జమ్ము విడదీస్తూ నా పేరు పెట్టి పిలుస్తోంది. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆమె నా పేరు పలకడం అదే మొదలు.

"సుగుణా," అన్నాను.

ఆమె తిరిగి చూసింది. నేను దిగి చెయ్యి అందించి పైకి లాగాను. చీర బురద కారుతోంది.

"దాటినావా?"

"దాటినా. గుడ్డ కాడికి పోయే వచ్చినా. నువ్వు సూడలేదు."

ఆమె కొంగు పిండుకుంది. "పో. సైకిలు తొక్కు పో," అంది.

చంద్రగిరి నుంచి తిరుపతి రోడ్డు మంచిదే. రెండు పక్కలా చెరుకు, వేరుశనగ, ఎడమవైపున దూరంగా కొండలు. యాత్రికుల బస్సుల్లోంచి గుండు పిల్లలు చేతులూపారు. నాకు ముందు ఎవరూ కనబడలేదు, వెనక ఎవరూ లేరు. కాళ్ళు వాటి పని అవి చేస్తున్నాయి. మనసు మాత్రం జమ్ములోనే ఉంది. ఆమె చూడకుండా దాటితే దాటినట్టా కాదా అని తర్జనభర్జన పడుతూ ఎనిమిదీ ముప్ఫై అయిదుకు తిరుపతి చేరాను. సైకిలు అక్కడి మనిషికి అప్పగించి పరుగు మొదలుపెట్టాను.

తిరుచానూరు రోడ్డులో పూలమ్మే ఆమె ఒకతె, నిక్కరుతో వట్టి కాళ్ళతో వగరుస్తూ వస్తున్న నన్ను చూసి దారిలోకి వచ్చింది.

"ఏం మొక్కు నాయనా ఇది?"

"మొక్కు కాదమ్మా, పందెం."

"పందేనికి ఇంత కష్టపడతారా ఎవురైనా? మొక్కే అయ్యుంటాది," అని మూర చామంతులు చేతిలో పెట్టింది. "అమ్మవారికి నా పేరున ఇచ్చేయ్." ఆ పూలు పట్టుకునే మిగతా దూరం పరిగెత్తాను.

చేరేసరికి తొమ్మిదీ ఎనిమిది. డ్రిల్లు మాస్టరు అప్పటికే అక్కడున్నాడు. పుస్తకం మూసి ఉంది.

"ఎనిమిది నిమిషాలు నాయనా. నేనేం చేసేది? ఒకరికి రాస్తే అందరికీ రాయాల," అన్నాడు. చెంబుతో మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చున్నాడు. న్యాయం ఆయన వైపే ఉంది. అయినా నా కళ్ళు చెమర్చాయి. పేరు సంగతి పట్టదనుకున్నవాణ్ణి, అది ఎక్కలేదనేసరికి అంత కష్టంగా ఉంటుందని నేననుకోలేదు.

సుగుణ సత్రంలో చీర మార్చుకుని, బస్సులు మారి పదిన్నరకు వచ్చింది. టైము ఎంతయిందని మాత్రం అడిగింది. చెప్పాను. అమ్మవారి దర్శనం చేసుకుని, పూలామె పూలిచ్చి, గుడి దగ్గర హోటల్లో భోజనం చేశాం. వంకాయ పులుసు బాగుంది, అన్నం కావలసినంత వడ్డిస్తారు.

తిరుపతి నుంచి మూడున్నర ప్యాసింజరు ఎక్కాం. కిటికీ పక్కన సీటు దొరికింది. ఈ దారిన పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. కార్తీకం తర్వాత వెళ్తే చెరువులన్నీ నిండుగా కనబడతాయి. సత్రానికి దుప్పటి తీసుకెళ్ళాలి. బావిలో నేర్చుకున్నవాళ్ళు చెరువులో దిగేముందు తలెత్తి చూడడం నేర్చుకోవాలి. ఇవన్నీ ఆలోచిస్తూ కూర్చున్నాను గానీ నిజానికి నేను ఓడిపోయాను. ఆమె కళ్ళ ముందర దాటలేదు, లతకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. చంద్రగిరి దాటాక ఆ మాటే పైకి అన్నాను.

"నేను ఓడిపోయినా సుగుణా. ఇంక ఈత మాట ఎత్తను."

ఆమె కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"నువ్వు దావ తప్పినావు. ఎవురూ లేరు, పట్టుకునేదానికి ఏమీ లేదు. అయినా వచ్చినావు. మా చెల్లెలికి చెయ్యి సాపితే మెట్టు అందేది. అంత దగ్గర్లో ఉండి మునిగిపోయింది."

ఆ సంగతి అంతవరకు ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. బండి పాకాల చేరుతుండగా ఆమె మళ్ళీ అంది.

"పాప నీళ్ళలో దిగేటప్పుడు నేను గట్టు మీద నిలబడలేను. ఈ పొద్దు నిలబడి సూసినా కదా, నా వల్ల కాలేదు. పాప పక్కనే నీళ్ళలో ఉంటా. వచ్చే ఆదివారం ముందు నాకు నేర్పించు."