బొమ్మల పుస్తకంల ఇంకో అమ్మ

బిడ్డను బాన్సువాడల బడికి తోలిన ఏడు, గా తొంభైల చివర్ల, నా పానం ఒక్కకాడ నిలువలే.

మా ఇంట్ల ఇద్దరం అమ్మలం. పెండ్లయి ఎన్నేండ్లయినా నాకు పిల్లలు కాలే. బయటిపిల్ల వస్తే నన్ను మూలకు నూకుతదని నేనే పట్టుబట్టి నా సొంత చెల్లెను మా ఆయనకు రెండో పెండ్లి చేసిన. మా దిక్కు గట్ల చేసుకునుడు కొత్త కాదు. చెల్లె కన్నది, నేను పెంచిన. చెల్లె పొద్దంత ఆయనతోని వరిమడ్లల్ల, నేను బిడ్డతోని ఇంట్ల. బిడ్డ ఇద్దర్నీ అమ్మా అనే పిలిచేది.

పిట్లంల ఉండే మా ఆడబిడ్డకు మా ఇంటికొచ్చినప్పుడల్లా గిదే లొల్లి. "కన్నామె అమ్మ, నువ్వు పెద్దమ్మ. బడికి పోతుందిగ, సక్కగ పిలుపించుకోన్రి వదినా, నలుగురు నవ్వుతరు" అనేది. ఆమె నోట్ల మన్నువడ! చాయ్ పోసి తోలిచ్చిన గని, గా మాట లోపల కూసున్నది.

బడిల రంగుల బొమ్మల పుస్తకమిచ్చిన్రు. ఒక పేజీల ఇల్లు, నాయిన, అమ్మ, పిల్ల. అంతే. ఓ దినం బిడ్డ ఏడ్చుకుంట వచ్చి సంచి ఇసిరికొట్టింది.

"దీంట్ల ఇంకో అమ్మ లేదు! ఎవ్వరికైనా ఒక్కతే అమ్మ ఉంటదట, టీచర్ చెప్పింది. అందరు నవ్విన్రు."

లేంది నేనే గదా! గది చాలదని శనివారం తల్లులంతా రావాలెనట, పిల్లలు పుస్తకం చూపిచ్చి ఇంట్లోళ్ల గురించి చెప్తరట. అందరి ముంగట నన్ను పెద్దమ్మ అంటే ఎట్ల? ఊడ్చిన వాకిలే మళ్ల ఊడ్చిన. పప్పుల ఉప్పు రెండుసార్లేసిన. టీచర్ను అడుగుతనని బస్టాండు దాంక పోయి, ఏమని అడగాల్నో తెల్వక ఎనుకకు మర్రొచ్చిన.

సాయంత్రం చెల్లె పొలంకాడికెళ్లి వచ్చింది. బిడ్డ ఆమెకు గూడ గదే కథ చెప్పింది. చెల్లె ఇని, చీరల దుకాణపోళ్ల క్యాలెండర్ల ఒక ఆడామె బొమ్మ కత్తిరిచ్చి, అన్నం మెతుకులతోని పేజీల ఓ అంచుకు అంటువెట్టింది.

"బడి పుస్తకం ఖరాబు చేస్తవానే?" అని ఒర్రిన. నా మీద జాలితోని నాకింత జాగ ఇస్తున్నదని ఒళ్లు మండింది. చెల్లె గా బొమ్మను బొటనవేలితోని ఒత్తుకుంట కూసున్నది.

శనివారం ఇద్దరం పోయినం. నేను తలుపు కాడనే నిలవడ్డ, ఏమన్న అయితే ఎల్లిపోతానికి. బిడ్డ పుస్తకం తెరిచింది. టీచర్ అంటువెట్టిన బొమ్మ చూసి, "ఇదెవరు?" అన్నది.

"మా ఇంకో అమ్మ" అని బిడ్డ చెల్లె దిక్కు ఏలు సూపింది.

"మరి ఈమె?" అని టీచర్ అచ్చయిన అమ్మ బొమ్మ మీద ఏలు వెట్టింది.

"గీమె గా తలుపుకాడి అమ్మ. ఈమె మొదటిసంది పుస్తకంలనే ఉన్నది. పొలంకాడి అమ్మనే లేకుండె, అందుకే అంటిచ్చినం."

నాకు సంబురమైంది, అబద్ధమెందుకు. పోయి బిడ్డను ఎత్తుకోవాలనిపిచ్చింది. అప్పుడు చెల్లె దిక్కు చూసిన. తల వంచుకొని కొంగు మడత పెట్టుకుంటున్నది. తను కన్న బిడ్డ పుస్తకంల తనకు జాగ లేదని ఆమెకు గా సాయంత్రమే తెలుసు.