పొరుగింటి కాగితపు పూలు

ఆ రోజుల్లో వ్యవసాయంలో నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళ వయసు, ఎమ్మిగనూరు పుట్టిల్లు, కాలువ కింద వరి, పక్కనే చెరుకు. మా ఊళ్ళో దేనికేం వచ్చినా మందు ఒకటే, నీళ్ళు. వరి వాడితే నీళ్ళు, చెరుకు వాడితే నీళ్ళు, మనిషి వాడితే మజ్జిగ (అందులోనూ నీళ్ళే ఎక్కువ). అలాంటి ఊరి నుంచి పెళ్ళి చేసుకుని తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్సుకి వచ్చి, "రైతుబిడ్డను, రాతిమీద నాటినా మొలిపిస్తా" అని మా ఆయనతో అన్నాను. పెళ్ళైన కొత్తలో మగవాళ్ళు అన్నిటికీ తలూపుతారు. మా ఆయనా ఊపారు. ఊపి ఊరుకోక, కంపెనీ బస్సులో పక్కన కూర్చున్న ప్రతివాడికీ చెప్పారు. వారం తిరక్కముందే నాకు "రాతిమీద మొలిపించే ఆయమ్మ" అని పేరొచ్చింది. పేరు రావడం సులువే, పూలు రావడమే కష్టమని అప్పటికింకా తెలియదు.

మా పక్కింట్లో ఉండేది బండ్రి అక్క. బండ్రి అనే ఊరి నుంచి వచ్చింది కాబట్టి ఆ పేరు. నలభై దాటిన మనిషి. ఆమె మాటలో సగం తెలుగు, సగం కన్నడం, మిగతా సగం నవ్వు (లెక్క తప్పని తెలుసు, ఆమెతో లెక్కలన్నీ అలాగే తేలేవి). ఆమె గేటు పక్కన ఒక కాగితపు పూల చెట్టుండేది. మా వీధిలో గోడలు, గేట్లు, ఆరేసిన చొక్కాలు అన్నీ ఎర్రదుమ్ము పట్టి ఒకే రంగుకి వచ్చేవి. ఆ దుమ్ములోంచి ఆ చెట్టు ఒక్కటీ రాణిరంగు పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురిలా నిలబడేది. బస్సు దిగినవాళ్ళంతా "ఎంత చెన్నాగుండాది!" అని ఒక నిమిషం ఆగి మరీ ఇళ్ళకు పోయేవారు. మా ఆయన కూడా ఆగేవారు. నాకు కడుపులో మొదటి మంట అక్కడే రాజుకుంది.

నేను వెళ్ళి ఒక కొమ్మ అడిగాను. బండ్రి అక్క వేలంత లావున్న కొమ్మ కోసిచ్చి, "ఊరికే గుచ్చి వదిలెయ్యి పిల్లా, జాస్తి ముద్దు చెయ్యద్దు" అంది. ఈమె అసలు కిటుకు దాచుకుని మనకి కొమ్మ మాత్రమే ఇచ్చింది అనుకున్నాను. నాటిన నాటినుంచి దానికి చుట్టూ గట్టు కట్టి, వరిమడిలా పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు పోశాను. దుమ్ము పడకుండా ఆకాకూ కడిగాను. మా నాయన నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు చెరుకుకి వేయగా మిగిలిన యూరియా అర సంచి మోసుకొచ్చి, "చల్లుమ్మా, ఎట్ల లేస్తాదో చూడు" అన్నాడు. చల్లాను. లేచింది. ఏడాదిన్నరలో మిద్దె దాటింది. ఒక్కో ఆకు తమలపాకంత. ముల్లు చూస్తే బాడిసంత. పువ్వు మాత్రం ఒక్కటి లేదు.

"ఏందిమే ఇది, పప్పులో వేసుకోను పెంచినావా?" అన్నారు మా ఆయన.

"పూస్తాది గానీ, నువ్వు కొంచెం సుమ్నే ఉండప్పా!" అన్నాను. కోపమొస్తే నాకూ కన్నడమే వచ్చేది.

లోకంలో పక్కవాళ్ళు పచ్చగా ఉంటే ఓర్వలేనివాళ్ళుంటారు. నా సంగతి వేరు. పచ్చగా ఉన్నది నా చెట్టే, పక్కవాళ్ళు రాణిరంగులో ఉంటే నేను ఓర్వలేకపోయాను. బండ్రి అక్క వారానికొకసారి, అదీ గుర్తొస్తే, అంట్లు కడిగిన నీళ్ళు చెంబెడు విసిరేది. దానికే ఆ చెట్టు విరగబూసేది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ ఎన్ని పోపులు మాడ్చానో. ఆదివారం బడిలో చిన్నప్పుడే నేర్పారు, పొరుగువారి సొమ్ము మీద ఆశ పడగూడదని. నాకు ఆ చెట్టు మీద ఆశ లేదు. అది ఎండిపోతే చాలు అనుకున్నాను, అంతే (ఇది ఆశ కిందికి రాదని అప్పట్లో నా వాదన).

ఇంతలో కోత పండుగ వచ్చింది. మా చిన్న సంఘంలో ఎవరు పండించింది వాళ్ళు చర్చికి తెచ్చి దేవుడి ముందు పెడతారు. పొలాల్లేని క్వార్టర్సువాళ్ళు గుమ్మడికాయో, కరివేపాకు మండో తెచ్చేవారు. చర్చి వాకిలికి కట్టే పూల కమాను మాత్రం ఏటా ఎవరో ఒక్కరింటి చెట్టునుంచే రావాలి. చాలా ఏళ్ళుగా ఆ ఇల్లు బండ్రి అక్కదే. రెండు నెలల ముందే నేను పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, "అయ్యగారూ, ఈ ఏడు కమాను మాది" అనేశాను. ఆయన సంతోషపడి ఆదివారం అందరిముందూ చెప్పేశారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది బండ్రి అక్కే. ఇంటికొచ్చి నా చెట్టు చూసుకున్నాను. ఆకులు. పండుగనాడు ఆకుల కమాను కింద నుంచి సంఘమంతా లోపలికి నడుస్తుంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఆ రోజునుంచి బిందెలు రెండు పెంచాను.

అప్పుడే బండ్రి అక్క కూతురి కాన్పుకని నలభై రోజులు ఊరికి బయలుదేరింది. పోయే ముందు చెట్టుని కొమ్మలన్నీ పొట్టిగా కత్తిరించేసింది. ఎదురింటి టీచరమ్మ, "చెట్టు నేను చూసుకుంటా లేక్కా" అని ముందుకొచ్చింది. "నీకెందుకమ్మా శ్రమ" అని అక్క నేరుగా నా దగ్గరికొచ్చింది.

"పిల్లా, గేటు బీగంచెవి నీకాడ ఉండనీ. లోపల కొళాయి ఉండాది. చెట్టుకి నీళ్ళు పొయ్యి."

"దినామూనా అక్కా?"

"నీకు ఎంత బుద్ధి పుడితే అంత."

"నువ్వు బేఫికర్‌గా పోయిరాక్కా" అన్నాను. ఇంత తియ్యగా నేను అంతకుముందెప్పుడూ మాట్లాడలేదు.

మొదటి రోజు నిజంగానే బిందె నింపాను. ఆ చెట్టు దాకా నడిచాను. నా చేతులు ఆ బిందెని వంచలేకపోయాయి. వెనక్కి తిరిగొచ్చి ఆ నీళ్ళు నా చెట్టుకే పోశాను. మరుసటి రోజు బిందె నింపే కష్టం కూడా పెట్టుకోలేదు. పదిరోజులకి అక్క చెట్టు ఉన్న నాలుగు ఆకులూ రాల్చింది. పాపం అనిపించింది. సంతోషమూ అనిపించింది. రెండూ ఒకేసారి అనిపిస్తే మనిషికి ఆకలి బాగా వేస్తుందని అప్పుడే తెలిసింది.

అయిదో వారం పొద్దున కిటికీ తెరిచి చూద్దును కదా, ఎండు కొమ్మల చివర్లలో రాణిరంగు చుక్కలు! పండుగ దగ్గరికొచ్చేసరికి ఆ చెట్టుమీద పువ్వు తప్ప ఏమీ కనబడలేదు. అంతకుముందు ఏ ఏడూ అలా పూయలేదు. నా చెట్టులో ఒక పిట్ట గూడు కట్టుకుంది. దానిమీద రంగంటూ ఉన్నది ఆ పిట్ట ఒక్కటే.

మా ఆయన గోడ మీంచి చూసి, "ఏమ్మే, అక్క చెట్టుని ఇంత బాగా సాకినావే, మనదాన్నీ అట్లే సాకరాదా?" అన్నారు. ఆయన వేళాకోళం ఆడలేదు. అదే నన్ను చంపింది.

పండుగ ముందురోజు బండ్రి అక్క దిగింది. ఒక్క మాట అడక్కుండా కొడవలి తీసుకుని కొమ్మలన్నీ కోసి చర్చికి పంపింది. మర్నాడు కమాను చూసి జనం నోళ్ళు తెరిచారు. అక్క లేచి నిలబడి, "చెట్టు నాది గానీ, నలభై దినాలు దాన్ని చూసుకునింది ఈ పిల్ల. కమాను ఆయమ్మదే" అంది. చప్పట్లు. అయ్యగారు నా చేతుల్ని దీవించమని ప్రార్థన చేశారు. ఆ చేతుల్ని కొంగు కింద దాచుకున్నాను.

భోజనాల దగ్గర ఆమె పక్కనే కూర్చున్నాను. విస్తరిలో అన్నాన్ని అటూ ఇటూ నెడుతూ అన్నాను.

"అక్కా, నేను నీ చెట్టుకి చుక్క నీళ్ళు పొయ్యలేదు."

"తెలుసు గదమ్మా."

"ఎండిపోనీ అనుకుంటి."

"అదీ తెలుసు."

"మరి బీగంచెవి నాకెందుకిచ్చినావు?"

బండ్రి అక్క పెరుగన్నం కలుపుకుంటూ చెప్పింది: "టీచరమ్మది మంచి మనసు. దినామూ బిందెలు బిందెలు పోసి, నా చెట్టుని నీ చెట్టు మాదిరి చేసిపెట్టుండేది. ఆ పువ్వు దప్పికయితేనే పూస్తాదే పిల్లా. కిటికీలోంచి నువ్వు చూసే చూపు నేను చూడలేదనుకున్నావా? ఈ పిల్ల చచ్చినా నీళ్ళు పొయ్యదు, నా చెట్టుకి దిగుల్లేదు అనుకుంటి. జాస్తి ముద్దు చెయ్యద్దని చెప్తే ఇంటివా నువ్వు? తిను, ఆరిపోతాండాది."

ఆ రోజు కడుపునిండా తిన్నానో, కడుపునిండా ఏడ్చానో సరిగ్గా గుర్తులేదు. నా చెట్టు గట్టు మాత్రం ఆ సాయంత్రమే తెంచేశాను.

ఇప్పుడు బళ్ళారిలో మా సొంతింటి గోడ పొడుగునా కాగితపు పూలే. ఎక్కడికైనా నాలుగు వారాలు పోవాల్సి వస్తే నాకు దిగులు పట్టుకుంటుంది. మా వీధిలో అందరూ మంచివాళ్ళే. "మీరు పోయిరండి ఆంటీ, నీళ్ళు మేము పోస్తాం కదా" అని పోటీ పడతారు. ఒక్కొక్కరి కళ్ళలోకీ ఆశగా చూస్తాను. ఒక్కరిలోనైనా ఆ మంట కనబడదు. పోపు మాడుతున్నా కిటికీ వదలని ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఇప్పుడు పక్కింట్లో ఉంటే ఎంత బాగుండును! కళ్ళు మూసుకుని నా చెట్లన్నీ దానికి అప్పజెప్పి పోయేదాన్ని.