దుర్గయ్యకు దొరికిన గొంతు

మేక కనిపిస్తే దుర్గయ్య ఆగిపోయేవాడు. ఆగడమంటే ఊరికే ఆగడం కాదు. ఎడమచేత్తో దాని గడ్డం కింద గోకి కదలకుండా నిలబెట్టి, కుడిచేతి వేళ్లతో డొక్క మీద టక్‌టక్‌మని కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. తర్వాత తీర్పు చెప్పేవాడు. "గొంతు లేదు." గొంతంటే మేకది కాదు, దాని తోలుది. పెళ్లికి పోయినా చావుకు పోయినా దారిలో మేక ఎదురు కాకూడదని భార్య సుగుణమ్మ దండాలు పెట్టుకునేది. యాకుత్‌పురాలో మేక ఎదురుకాని దారి ఏ దేవుడు మాత్రం చూపించగలడు?

ఇదంతా ఒక బాంజో తెచ్చిపెట్టిన తంటా. దుర్గయ్య స్టేషన్లో పార్సిళ్లు మోసే పోర్టరు. డెబ్బైల మొదట్లో ఒక గార్డు దొర పింఛను తీసుకుని వెళ్లిపోతూ ఆ వాయిద్యాన్ని ఈయన చేతిలో పెట్టాడు. చూడ్డానికి డప్పుకు పొడుగాటి మెడ తగిలించి తీగలు బిగించినట్టుంటుంది. అన్నీ బాగానే ఉన్నాయి, డప్పు మీది తోలే చిరిగిపోయింది. మంచి మేకతోలు వేస్తే పలుకుతుందని దొర చెప్పాడు గానీ, ఎలాంటి మేకో చెప్పకుండా రైలెక్కాడు.

మొదట వేసిన తోలు మందమై పరుపు దులిపినట్టు మోగింది. తర్వాతది పలచన. తొలకరి పడగానే చెమ్మకు సాగి, పాల మీది మీగడలా వేలాడింది. ఇంకోదాన్ని వెంట్రుకలు ఊడటానికి సున్నపు నీళ్లలో నానబెట్టాడు. ఎందులో అనుకున్నారు? సుగుణమ్మ నీళ్లు కాగబెట్టే గంగాళంలో. ఆ కంపుకు గల్లీ మొత్తం కిటికీలు మూసుకుంది, సుగుణమ్మ నోరు మాత్రం తెరుచుకుంది.

చివరికి విసిగిపోయి, అత్తగారు దగ్గు వచ్చినప్పుడు తీయించుకున్న ఎక్స్‌రేను గుండ్రంగా కత్తిరించి బాంజోకు బిగించాడు. వెలుగుకు ఎత్తి చూస్తే ముసలమ్మ పక్కటెముకలు వరసగా కనబడేవి.

"మా అమ్మ బొక్కల మీద వాయిస్తవా?" అంది సుగుణమ్మ.

"ఇన్నేండ్లకు మీ అమ్మ మంచిగ పలుకుతున్నది, వాయించుకోనియ్యి" అన్నాడు దుర్గయ్య.

అయినా మేకతోలు మీద ఆశ చావలేదు. బక్రీదు దగ్గరపడితే ఆయన్ను పట్టేవాళ్లు లేరు. మేకలు అమ్మే చోటల్లా తిరిగి ఒక్కోదాన్నీ తట్టేవాడు. ఆ శ్రద్ధ చూసి ఎవరో పెద్ద ఆసామి అనుకుని రేట్లు పెంచేవారు. కొనడని తెలిశాక ఒక వ్యాపారి, "మియా, లేనా హై తో లేవ్, బజావ్ నక్కో" అని కసిరాడు. కొంటే కొనుక్కో, వాయించకు అని. ఇంకోసారి ఈయన "గొంతు లేదు" అనడం విని, పక్కన బేరమాడుతున్నాయన మేకకేదో గొంతు రోగం ఉందనుకుని సంచి సర్దుకుని పోయాడు. అమ్మేవాడు దుర్గయ్యను నయాపూల్ దాకా తరిమాడు.

ఆ గల్లీ చివర ఆగమ్మ అని ఒక ముసలామె ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. తల్లి చచ్చిన మేకపిల్లకు సీసాతో పాలు పట్టి, తన మంచం పక్కనే పండబెట్టుకుని మేకపోతును చేసింది. దాని పేరు సర్దార్. కిందటేడు ఆమెకు జ్వరం ముదిరితే మరిది రామ్‌చందర్, బతికితే బోనాలకు సర్దార్‌ను ఇస్తానని అమ్మవారికి మొక్కేశాడు. మొక్కు ఆయనది, మేక ఆమెది. జ్వరం తగ్గింది, ఆషాఢం వచ్చింది. ఇవ్వకపోతే తల్లి కోపం, ఇద్దామంటే ప్రాణం ఒప్పదు. ఆగమ్మకు ముద్ద దిగడం మానేసింది.

రామ్‌చందర్‌కు ఆ బాధేం పట్టలేదు. "తోలు నీకే అన్నా, ఫికర్ చెయ్యకు" అని దుర్గయ్యకు మాటిచ్చాడు. దుర్గయ్య వెళ్లి సర్దార్ డొక్క తట్టి చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. "గొంతు లేదు" అంటాడని వెంట వెళ్లిన సుగుణమ్మ ఎదురుచూసింది. ఆయన ఏమీ అనకుండా లేచి ఇంటికొచ్చాడు. ఇన్నాళ్లకు దొరికిందన్నమాట అనుకునేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"ఆగమ్మ ముంగట తోలు పేరెత్తినవంటే నీ తోలు నేనే తీస్త" అంది.

బోనాల నాడు గుడి ముందు సర్దార్ మెడలో వేపమండలు కట్టారు. బలికి ముందు మేక మీద పసుపునీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలించిందా, తల్లి ఒప్పుకున్నట్టు. దాన్నే జడ్తి ఇవ్వడమంటారు. జడ్తి ఇవ్వనిదే కత్తి లేవకూడదు. రామ్‌చందర్ బిందె ఎత్తగానే దుర్గయ్య ముందుకొచ్చి, నేను పట్టుకుంటానని మేక పక్కన కూర్చున్నాడు. తోలుకు గాటు పడకుండా కాపలా కాస్తున్నాడని అందరూ నవ్వారు. సుగుణమ్మ సిగ్గుతో తల దించుకుంది.

నీళ్లు పోశారు. సర్దార్ కదల్లేదు. మళ్లీ పోశారు. కళ్లు అరమూసి, పూజారి ప్రసాదం పెడుతున్నట్టు నిలబడింది. రామ్‌చందర్ బిందె మొత్తం కుమ్మరించాడు. ఆగమ్మ చేతులు జోడించి వణుకుతోంది గానీ మేక మాత్రం వణకలేదు. అప్పుడు సుగుణమ్మ తల ఎత్తి చూసింది. మొగుడి ఎడమచెయ్యి మేక గడ్డం కింద ఉంది. వేళ్లు మెల్లగా ఆడుతున్నాయి.

"తల్లికి వద్దట, ఇడిసిపెట్టుండ్రి" అన్నాడొక పెద్దమనిషి. మేకకు బదులు గుమ్మడికాయ కొట్టారు. ఆగమ్మ తడిసిన మేకను వాటేసుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

ఇంటికొచ్చాక సుగుణమ్మ తలుపు దగ్గరగా వేసింది. "దానికి గూడ గొంతు లేదా?" అని అడిగింది.

"ఇన్నేండ్లల్ల అసొంటి గొంతు ఇనలే" అన్నాడు దుర్గయ్య.

వద్దనుకున్నా ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. అంతలోనే భయం కూడా వేసింది. "మరి అమ్మవారినే మోసం జేస్తివి గదయ్యా. కండ్లు పోవా?"

దుర్గయ్య బాంజో తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆమె ఆడనే ఉండె గద. చెయ్యి తియ్యమని ఒక్కపారన్న అన్లే."

సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. మాంసం లేని ఆ పండగపూట గుమ్మడికాయ కూరనే ఆయన కంచంలో ఇంకో గరిటె వేసింది.